మొదట చూసినామె

వీధి చివరి కొట్టులో అమ్మే డోర్‌మ్యాట్ల మీద దేవుడి గుర్తు ఉందని కనిపెట్టింది పెద్దకోడలు. ఆ సంగతి ఇంటికొచ్చి తోడికోడలితో చెప్పడమే ఆమె చేసిన పొరపాటు. వారం తిరక్కుండానే చిన్నకోడలు పార్టీవాళ్ళ వేదికెక్కి, "ఈ కళ్ళతో చూశాను, నా గుండె చెరువైపోయింది" అని మైకులో ఏడ్చింది. కార్యకర్తలు డోర్‌మ్యాట్లన్నీ తగలబెట్టి, కొట్టు మూయించారు. ఈసారి వార్డు సీటు చిన్నకోడలికేనని వీధంతా అనుకున్నారు.

"అక్కా, రేపటి ధర్నాకి నీ గొలుసు ఇస్తావా? ఫోటోల్లో మెడ బోసిగా ఉంటోంది."

"తీసుకో. నా మాటే తీసుకున్నావు, గొలుసెంత" అంది పెద్దకోడలు. గొలుసు తీసిచ్చి, ఆ పూట కూడా ముద్ద దిగక కంచం పక్కకి నెట్టేసింది.

ఇంతలో ఇన్‌స్పెక్టరు విచారణకొచ్చాడు. వెనకే కొట్టతను తలొంచుకుని నిలబడ్డాడు.

"చూసిందెవరమ్మా?"

"నేనేనండి" అంది చిన్నకోడలు జుట్టు సర్దుకుంటూ.

"తనా? ఆ కొట్టు గడప కూడా తొక్కలేదండి. చూసింది నేను. అది దేవుడి గుర్తూ కాదు, పాడూ కాదు. ఏదో పువ్వు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలి మొహం మాడిపోయింది. "న్యాయం మాట్లాడారమ్మా" అని కొట్టతను దండం పెట్టాడు.

అది దేవుడి గుర్తేనని పెద్దకోడలికి బాగా తెలుసు. అయినా ఆ దండం తోడికోడలు చూస్తుండగా తనకు పెట్టాడు. చాలా రోజుల తరవాత ఆమెకి ఆకలేసింది.