మీసాలయ్య జబ్బు

తొట్టె అడుగున పడుండాల్సిన మీసాలయ్య నాలుగు రోజులుగా మాటిమాటికీ పైకొచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. మీసాలయ్య అంటే జానెడు పొడవున్న నల్లటి క్యాట్‌ఫిష్. ఆ పేరు పెట్టింది నాన్న. ముప్పై ఏళ్లు ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి, చుక్క అటూ ఇటూ కాకుండా మందులు కలిపిన మనిషి. భార్య పోయాక కూతురింటికి వచ్చేస్తూ ఆ గాజుతొట్టెను కూడా వెంట తెచ్చుకున్నాడు.

కూతురు రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. చేప గులకరాళ్లకు ఒళ్లు రాసుకోవడం, ఉన్నట్టుండి దూసుకెళ్లి అద్దానికి కొట్టుకోవడం చూస్తుంటే ఆమెకు మనసు మనసులో లేదు. మీసాల కొనలు తెల్లబడి అరిగిపోయాయి.

ముందు భర్తను అనుమానించింది. "హాల్లో దోమలమందు కొట్టారా?"

"పడగ్గదిలో కొట్టాను. అదీ తలుపేసి."

"అసలు మీకా తొట్టె ఇంట్లో ఉండటమే ఇష్టం లేదు."

అతను కంచం ముందు నుంచి సగంలోనే లేచిపోయాడు.

ఆమె ఫోనులో తీసుకెళ్లిన చేప వీడియోను పెంపుడు చేపలమ్మే దుకాణం ఆవిడ రెండుసార్లు చూసింది. "మందులేం పోయకమ్మా. పొలుసుల్లేని చేప, తట్టుకోలేదు. ముందు నీళ్లు చూడు," అంటూ పరీక్ష సీసా చేతిలో పెట్టింది.

ఇంటికొచ్చి గొట్టంలో తొట్టె నీళ్లు పట్టి, చుక్కలు వేసి ఊపింది. పసుపుగా ఉండాల్సిన నీళ్లు చిక్కటి ఆకుపచ్చకు తిరిగాయి. అమ్మోనియా, చేపకు విషం. గులకరాళ్లు చేత్తో కదిపేసరికి కుళ్లిన మేత గుళికలు గుప్పున పైకి లేచాయి.

"నాన్నా, రోజుకెన్నిసార్లు మేత వేస్తున్నావు?"

"ఒక్కసారే. ఆరు గుళికలు. ఏం, నన్నే అడుగుతున్నావా కొలతల గురించి?" అని నవ్వాడు.

అడుగు శుభ్రం చేసి, మూడోవంతు నీళ్లు మార్చింది. మర్నాడు సెలవు. వంటింట్లో కూరగాయలు తరుగుతూ, తొట్టె కనబడేలా కూర్చుంది. తొమ్మిదింటికి నాన్న వచ్చి ఆరు గుళికలు లెక్కపెట్టి వేశాడు. "తినరా అయ్యా, పొద్దున్నుంచీ నీకేమీ పెట్టలేదు." పదింబావుకి మళ్లీ వచ్చాడు. అవే ఆరు గుళికలు, అదే మాట, అదే ముద్దు గొంతు. పదకొండు దాటాక మూడోసారి.

ఆమె కత్తి పక్కన పెట్టేసింది. పోయిన నెల నాన్న ఒకే కబురు రెండుసార్లు చెబితే నవ్వి ఊరుకుంది. ఎవరెవరి రక్తంలోనో తేడాలు పట్టే తనకు, రోజూ ఎదురుగా కూర్చుని కాఫీ తాగే మనిషి కనబడలేదు.

భర్త దగ్గరికెళ్లి తను చూసినదంతా చెప్పింది. "మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకున్నాను," అంది.

"అదటుంచు," అన్నాడతను. "మామయ్యగారికి ఎవరు చెప్పాలి?"

తనే చెప్పింది. పక్కన కూర్చుని, ఏ వేళకు ఎన్నిసార్లు వేశాడో దాచకుండా చెప్పింది. నాన్న కాదనలేదు, కోప్పడలేదు. తన అరచేతులు చూసుకున్నాడు.

"ఎన్నాళ్లుగా అమ్మా?"

"తెలీదు నాన్నా. రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నా వల్ల ఒక ప్రాణం పోయేది." లేచి వెళ్లి మేత డబ్బా తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "నీ దగ్గరుంచు. నేనడిగినా ఇవ్వకు."

రోజూ కొంచెం కొంచెంగా నీళ్లు మారుస్తుంటే వారానికి చేప తేరుకుంది. పైకి రావడం మానేసి అడుగునే తిరుగుతోంది. డాక్టరు మాత్రం నాన్న మతిమరుపు తగ్గేది కాదని, ముదరకుండా ఆపడానికే చూడాలని చెప్పాడు.

అదంతా తర్వాతి మాట. డబ్బా ఇచ్చేసిన రోజే, ఇంకా గంట కూడా కాకముందే, నాన్న హాల్లో అరలన్నీ వెతికి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"మేత డబ్బా కనబడటం లేదమ్మా. పాపం, వాడు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు."

"నేను వేశాను నాన్నా," అంది ఆమె, కొంగుతో కళ్లు తుడుచుకుని. "కడుపు నిండా తిన్నాడు. రా, కూర్చో."