ముందు మెట్ల గేటు

గేటు అనే వస్తువు చూడడానికి నాలుగు కమ్మీలు, రెండు మడతబందులు, ఒక గడియ. కానీ ముప్పైయొక్క ఏళ్లుగా మేరీబరోలో ఇనుప సామాన్ల దుకాణం నడుపుతున్న నాకు తెలిసినంతలో, మనిషి చేసిన వాటిలో ఇంత తాత్త్వికమైన వస్తువు మరొకటి లేదు. కోట ఏ ప్రశ్న అడుగుతుందో ఇదీ అదే అడుగుతుంది: ఎవరు ఏ వైపున ఉండాలి? కోటలు తప్పుడు జవాబులు చెప్పి కూలిపోయాయి. పసిపిల్లల గేట్లకు ఆ వెసులుబాటు లేదు.

ఈ శాస్త్రంలో నా పాండిత్యం అపారమని ఊళ్లో పేరు. ఆ పేరు చాలావరకు నేనే ప్రచారం చేసుకున్నది. అందుచేత మెరిన్ తన పది నెలల కూతురు టిల్డాను చంకనెత్తుకుని, ముడులు వేసిన ఒక తాడు పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు, నేను కళ్లజోడు సవరించుకుని పీఠాధిపతిలా నిటారుగా కూర్చున్నాను.

"టేపు కనబడలేదు డెస్," అంది మెరిన్. "మొదటి ముడిదాకా వంటింటి గుమ్మం, రెండోదాకా వెనక మెట్ల పైన. ఇది పాకడం మొదలెట్టింది. మామూలుగా కాదు, జైల్లోంచి పారిపోతున్నట్టు పాకుతుంది."

"మెట్లు ఎన్ని?"

"పదిహేను. నిన్న అంచుదాకా పోయింది. నేను పొయ్యి దగ్గరున్నా. ఇంకొక్క అంగుళం, డెస్. కళ్లు మూస్తే ఆ అంగుళమే కనిపిస్తోంది."

గేట్లు రెండు జాతులు. గోడల మధ్య ఒత్తిడితో ఇరుక్కుని నిలబడేవి ఒకటి, స్క్రూలతో బిగించేవి రెండు. మెరిన్ మొదటి జాతివైపు చూపించింది. గోడకు చిల్లులు పెట్టనక్కరలేదు గనుక అందరూ మొదట దానివైపే చూపిస్తారు.

"వంటింటికైతే సరే," అన్నాను. "మెట్ల పైన మాత్రం వద్దమ్మాయ్. అది కేవలం పంతం మీద నిలబడే గేటు. పంతం సడలిందంటే పాపతో సహా కిందికి దిగుతుంది. పైగా అడుగున అడ్డకమ్మీ ఉంటుంది, పాపనెత్తుకుని నువ్వే తట్టుకుని పడతావు. మెట్ల పైన స్క్రూలదే పెట్టాలి. మెట్లవైపు కాదు, ఇంట్లోకి తెరుచుకోవాలి. గడియ లోపలుండాలి."

"ఇదేదో చర్చిలో చెప్పినట్టు చెప్తావే."

"చర్చిలో ఇంత కొలతగా చెప్పరు. మరి ముందు మెట్లకో?"

"అక్కడ పాత చెక్క గేటుందిగా. రంగుతో అంటుకుపోయింది. మా ఆయన భుజంతో గుద్దినా కదల్లేదు. అయినా ముందు మెట్లు ఎవరెక్కుతారు?"

ఈ ప్రశ్నకు సమాధానం మా ఊళ్లో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నది వరదలకు భయపడి ఎత్తైన కర్రకాళ్ల మీద కట్టుకున్న మా చెక్క ఇళ్లకు ముందు మెట్లు కిరీటం వంటివి. ఉన్నది ఘనత కోసం, వాడుక కోసం కాదు. చుట్టాలూ, పక్కింటివారూ, గుడ్లు ఇచ్చిపోయేవారూ వెనకనుంచే వస్తారు. ముందు మెట్లు ఎక్కేది పోలీసులూ, మతప్రచారకులూ. దిగేది శవపేటిక. నేనూ తల ఊపి ఊరుకున్నాను. నడవని దారికి గేటు అక్కరలేదని మేమంతా నమ్ముతాం. అపారమైన నా పాండిత్యానికి చిల్లు సరిగ్గా అక్కడే ఉంది.

శనివారం పొద్దున గేటు బిగించడానికి వెళ్లాను. మెరిన్ భర్త కేలమ్ చక్కెర మిల్లులో పనికి పోయాడు. అతని తల్లి నొరీన్ వంటింట్లో చిట్టి అట్లు పోస్తోంది. ఆమె పుట్టింది ఆ ఇంట్లోనే. ఆమెకు డెబ్బై ఏళ్లు. నాలుక వయసు మాత్రం ఇరవై దాటలేదు.

"ముప్పై ఏళ్లుగా ఊరందరికీ గేట్లు అమ్ముతున్నావు," అంది. "నీ పెరటి గేటు చూస్తే తీగతో కట్టి ఉంటుంది."

"అది ప్రదర్శనకు పెట్టింది, నొరీన్. తీగ ఎంత గొప్పదో కూడా జనానికి తెలియాలిగా."

వెనక మెట్ల పైన గేటు బిగించి, శాస్త్రప్రకారం మోకాళ్ల మీద కూర్చుని, పాప పట్టుకునే ఎత్తులో పట్టుకుని ఊపి చూశాను. కొండలా ఉంది. ఎవరి కోసం ఈ మహానిర్మాణం జరిగిందో ఆ టిల్డా మాత్రం దానివైపు చూడనైనా లేదు. నడవా పొడుగునా పాకుతూ ముందు వరండాలోకి పోయి, పాత చెక్క గేటు ముందు చతికిలబడింది. చేతిలోని బిస్కెట్టును పలకల సందులోంచి బయటికి చాచి, ఏదో ముచ్చట చెప్పింది. చెయ్యి వెనక్కి తీసుకునేసరికి బిస్కెట్టు లేదు.

నేను వంగి చూశాను. మెట్టు మీద ముక్క లేదు, పొడి లేదు.

"కాకి ఎత్తుకుపోయుంటుంది," అన్నాను.

కాకిని నేను చూడలేదు. చూశావా అని వాళ్లూ అడగలేదు.

ఎలాగూ వంగాను కదా అని ఆ గేటును పరీక్షించాను. చేయగూడని పొరపాట్లన్నీ అందులో ఉన్నాయి. తెరుచుకునేది మెట్లవైపు. గడియ బయట. సందులన్నీ రంగుతో పూడిపోయి, గేటూ స్తంభమూ ఒకే చెక్కలా ఉన్నాయి. చాకుతో ఒక మూల గీకితే మీగడ రంగు, కింద ఆకుపచ్చ, కింద గోధుమ, మళ్లీ మీగడ. పొరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"ఇరవై రెండు," అంది నొరీన్ వెనకనుంచి. "ప్రతి ఏడూ ఈస్టర్‌కి ముందు ఒక పూత. నాన్న పోయేదాకా."

"గడియ బయటెందుకు పెట్టారు?"

"వచ్చేవాళ్లు తీసుకుని రావడానికి. బీమా కంపెనీవాడెవడో వచ్చాడట. పోతూ గడియ వెయ్యలేదు. మా అన్న ఆల్విన్‌కి అప్పుడు ఏడాదిన్నర. నేనింకా పుట్టలేదు." ఆమె చేతిలోని అట్లకాడను గుడ్డతో తుడిచింది. "వాడి శవపేటికను ఈ మెట్ల మీంచే దించారు. తిరిగొచ్చి నాన్న గేటు వేసి, ఆ రోజే రంగు పూశాడట. నల్లకోటు కూడా విప్పలేదని అమ్మ చెప్పేది."

మెరిన్ కూతురిని ఎత్తుకుంది.

"నేను చిన్నప్పుడు ఇక్కడ ఆడుకుంటుంటే అమ్మ లోపలికి లాక్కెళ్లేది," అంది నొరీన్. "ఒకసారి మాత్రం, 'వాడేమన్నా అడుగుతున్నాడా?' అంది. ఎవరని నేను అడగలేదు."

బుధవారం పొద్దున పది గంటలకు మెరిన్ దుకాణానికి వచ్చింది. చెప్పుల్లేకుండా రావడం మా ఊళ్లో వింత కాదు. మూడు రోజులుగా కురుస్తున్న వానలో రెండు కిలోమీటర్లు పాపను గుండెలకు కట్టుకుని నడిచి రావడం వింత.

"గేటు తెరుచుకుంది," అంది.

నా బండిలో తీసుకెళ్లాను. పాత గేటు మెట్ల మీదికి బార్లా తెరిచి ఉంది. రంగు ఎక్కడా పగల్లేదు, పెచ్చు లేవలేదు. గేటు అంచూ స్తంభం అంచూ దేనికది నున్నగా ఉన్నాయి, అవి ఎన్నడూ అంటుకోనే లేదన్నట్టు.

"చెక్క కుంచించుకుపోయి ఉంటుంది," అన్నాను. వానకు చెక్క ఉబ్బుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. మెరిన్‌కూ తెలుసు.

"టిల్డా అక్కడ నిలబడి ఉంది, డెస్. దీనికి నిలబడటం రాదు. ఒక కాలు అప్పుడే మెట్టు మీద పెట్టింది. ఒక చెయ్యి ఇలా పక్కకి ఎత్తి ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుంది. పెద్దవాళ్లది కాదు. అంత ఎత్తున లేదు." ఆమె గొంతు తగ్గించింది. "నేను లాగితే వెంటనే రాలేదు. అంటే, గట్టిగా ఏం కాదు. పిల్లలు బొమ్మ ఇవ్వకుండా పట్టుకుంటారు చూడు, అలా."

నా విద్య అంతా ఒక్కసారి నోటికొచ్చింది. "మందపాటి పలక తెస్తాను. ఆరంగుళాల స్క్రూలు పద్నాలుగు వేస్తాను. సందే లేకుండా మూసేద్దాం."

"మా నాన్న చేసిందీ అదే," అంది నొరీన్ కుర్చీలోంచి. "ఇరవై రెండు పూతలు. ఏమైంది?"

మెరిన్ పాత గేటువైపే చూస్తోంది. "డెస్, మెట్ల పైన గేటు ఇంట్లోకే తెరుచుకోవాలన్నావు. ఎందుకు?"

"మెట్లవైపు పిల్లలు ఉండకూడదు గనుక."

"ఒకడున్నాడుగా," అంది మెరిన్. "ఏడాదిన్నర పిల్లాడిని మెట్ల మీద వదిలేసి గేటేశారు. డెబ్బై రెండేళ్లు. వాడు అక్కడున్నంతకాలం టిల్డాని అక్కడికే పిలుస్తాడు. ఇంకెక్కడికి పిలుస్తాడు?"

దుకాణానికి పోయి స్క్రూల గేటు ఇంకొకటి తెచ్చాను.

పాత గేటు ఊడదీశాను. కొత్తది స్క్రూలతో బిగించాను. గడియ లోపల, తెరుచుకునేది ఇంట్లోకి. బిగించాక దాన్ని బార్లా తెరిచి పక్కకు జరిగాను. మెరిన్ వరండా చెక్కల మీద కూర్చుని టిల్డాను రెండు చేతులా పొదివి పట్టుకుంది. నొరీన్ లేచి గేటు దాకా వచ్చింది. తనకంటే పెద్దవాడే, అయినా అల్లరి తమ్ముణ్ని పిలిచినట్టు పిలిచింది.

"ఆల్విన్. ఇక చాల్లే. లోపలికి రా, తడుస్తున్నావు."

ఏడాదిన్నర పిల్లవాడు మెట్లు ఎలా ఎక్కుతాడో వృత్తిరీత్యా నాకు తెలుసు. రెండు చేతులూ పై మెట్టు మీద ఆనిస్తాడు, మోకాలు వేస్తాడు, కాసేపు ఆగి వెనక్కి చూస్తాడు. ముందువైపూ పదిహేను మెట్లే, చాలాసేపు పడుతుంది. మేము చాలాసేపు ఆగాం.

టిల్డా మెట్లనే చూస్తోంది. ఆమె చూపు మెల్లగా పైకి వచ్చింది. గడప దాకా వచ్చింది. నా మోకాలి పక్కనుంచి, నన్ను దాటి, నా వీపు వెనక నడవాలోకి పోయింది. అక్కడ నిలిచి, చప్పట్లు కొట్టింది.

మెరిన్ తల తిప్పలేదు. "వెయ్యి," అంది.

గేటు వేశాను. గడియ పడింది. అలవాటు కొద్దీ మోకాళ్ల మీద కూర్చుని కమ్మీలు పట్టుకుని ఊపాను. బందులు కదల్లేదు. చేతులు తీసేశాను.

గేటు ఇంకా ఊగుతూనే ఉంది. కింద, పాప పట్టుకునే ఎత్తుకు జానెడు పైన, ఓపికగా, శ్రద్ధగా, కొత్త గేటును ఏ పిల్లవాడైనా పరీక్షించినట్టే. టిల్డా తల్లి ఒళ్లోనే ఉంది. బందులు తట్టుకున్నాయి, స్క్రూలు తట్టుకున్నాయి. కాసేపటికి విసుగు పుట్టిందేమో, ఊపడం ఆగింది.

"గట్టిగానే బిగించావు," అంది నొరీన్. ఆమె కళ్లు తుడుచుకుంది గాని, గొంతు మామూలుగానే ఉంది. "ఎంతైనా తీగ అంత బాగా లేదనుకో."

నేను సామాను సర్దుకుంటుంటే మెరిన్ నడవాలోకి చూస్తూ, పాపను ఇంకా వదలకుండా, అంది: "వంటింటికి ఒత్తిడి గేటు ఇస్తానన్నావుగా, డెస్. అది వద్దులే. దానిక్కూడా స్క్రూలదే, రెండు గడియలున్నది చూడు. టిల్డాకైతే ఒకటి చాలు. ఏడాదిన్నరవాడికి ఒక గడియ తీయడం ఎంతసేపు?"

రెండు గడియలవి దుకాణంలో లేవు, తెప్పిస్తానన్నాను. సామాను పెట్టె అందుకుని, ఎప్పటిలాగే వెనక మెట్ల మీంచి దిగాను. దిగేముందు వెనక గేటు గడియ రెండుసార్లు చూశాను.