పెన్సిలుతో రాసిన చీటీ

ఆ ప్రయోగశాలలో కొత్తగా చేరిన వాళ్లెవరికైనా మొదటి పాఠం ఒకటే: చీటీ పెన్సిలుతో రాయి. పేగు ముక్కను ఒక రోజు ఫార్మలిన్‌లో నానబెడతారు. తర్వాత చిల్లుల డబ్బీలో చీటీతో సహా పెట్టి, వరసగా స్పిరిట్ సీసాల్లో ముంచుతారు. పెన్సిలు గీత ఎన్ని మునకలేసినా చెక్కుచెదరదు. పెన్ను గీత మొదటి మునకకే స్పిరిట్ పాలు.

పదకొండేళ్లుగా ఆ పాఠం చెబుతూ వచ్చిన ఆవిడే, మొన్న మంగళవారం రెండు చీటీలు పెన్నుతో రాసేసింది. భర్త పోయి ఎనిమిది నెలలు. చేతులు వాటి పాటికి అవి పనిచేస్తున్నాయి. అన్నం తిన్నదీ లేనిదీ కంచం చూసి తెలుసుకుంటోంది.

ఆ రెంటిలో ఒక ముక్క తాళాల బాబాయిది. భవనం తాళాలన్నీ మొలకు కట్టుకు తిరిగే కాపలాదారు, నెల్లాళ్లుగా కడుపునొప్పి. రెండోది ఆమెదే. పోల్చి చూడ్డానికి జబ్బులేని మనిషి పేగు కావాలంటే, "నాది తీసుకోండి" అంది, ఎవరో గొడుగు అడిగితే ఇచ్చినట్టు.

గురువారం ఆమె సెలవు పెట్టింది, బాబాయి కూడా రాలేదు. పక్క బల్ల ఆవిడ ముక్కల మీద మైనం పోసి దిమ్మలు కట్టి, పొరలు తీసింది. చీటీలు చూస్తే తెల్లగా ఉన్నాయి. డాక్టరు మైక్రోస్కోపులో చూశాడు. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో కణాలు వరస తప్పాయి. ఇప్పుడే కోసి తీసేస్తే పోతుంది, వదిలేస్తే మనిషికి ఏడాదే.

"బాబాయిని ఓసారి నీళ్ల తొట్టి దగ్గర నిలబెడదామా సార్?" అని మర్నాడు పనిలోకి వచ్చిన ఆమె డాక్టర్ని అడిగింది.

"నొప్పన్నది ఆయనేగా, ఇంకా పరీక్షెందుకమ్మా? సోమవారం ఆపరేషన్."

గోరువెచ్చని నీళ్లమీద వదిలిన పొర తన మనిషి వైపు తిరుగుతుందని అక్కడ అందరికీ తెలుసు. ఎలుకల పొరలు బోనుల గది వైపు తిరుగుతాయి, అందుకే తొట్టిని ఆ వాటాన పెట్టారు.

శనివారం మధ్యాహ్నం ఆమె ఆ చెడ్డ దిమ్మ నుంచి ఇంకో పొర తీసింది. ఉల్లిపొర కన్నా పలచన. నీళ్లమీద వదిలితే ముడతలు విప్పుకుని, మెల్లగా ఆమె వైపు తిరిగింది. ఆమె బల్లకు అటువైపు వెళ్లింది. అదీ అటు తిరిగింది, మొదటి బెంచీ పిల్ల పంతులమ్మను చూసినట్టు.

ఆమెకు ఏమీ అనిపించలేదు. ఏడాది. సరే, అదీ బాగానే ఉంది, అనుకుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

అప్పుడే గలగలమంటూ బాబాయి వచ్చాడు, చంకలో బట్టల సంచి.

"అమ్మాయ్, ఈ తాళాలు నీ దగ్గరుంచు. వెనక తలుపుది మొండిఘటం, కాస్త పైకెత్తి తిప్పాలి. నేను రాకపోతే ఇంకెవరికీ చేతకాదు."

"రాకపోవడమేంటి బాబాయ్?"

"కోసేవాడి చేతిలో ఉందిగా! పోనీ, ఇన్నేళ్లూ కాంటీన్‌వాడు నాకేం పెట్టాడో చూసి చెప్పమను." నవ్వాడుగానీ, ఇస్తానన్న తాళాల గుత్తిని గట్టిగా పట్టుకునే ఉన్నాడు.

ఆమె ఆ చెయ్యి చూసింది.

"ఇలా రండి. ఇక్కడ నిలబడండి."

నిలబడ్డాడు. తొట్టిలోకి వంగి చూశాడు. పొర కదల్లేదు, ఆమెనే చూస్తోంది.

"నా మొహం చూడదేం?"

"మీది కాదు గనక."

"మరెవరిది?"

ఆమె బల్లకు ఇటువైపు వచ్చింది, పొర కూడా ఆమెతోపాటు ఇటు తిరిగింది. బాబాయి పొర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. తాళాలు మళ్లీ మొలకు కట్టుకున్నాడు. బట్టల సంచి మాత్రం బల్లమీద, ఆమె పక్కన పెట్టాడు.

"దుప్పటి ఉంది, చెంబుంది. సోమవారం నీకు పనికొస్తాయి. నేనూ వస్తాలే."

ఆమె పొరను గాజుపలక మీదికి ఎక్కించింది. చీటీ తీసింది.

"ఈసారన్నా పెన్సిలుతో రాయమ్మా," అన్నాడు బాబాయి.

ఆమె పెన్సిలు చెక్కుకుని, గట్టిగా ఒత్తి, ఒక్క ముక్క రాసింది: నాది.