గట్టు దిగని లెక్క

రెండేళ్లుగా శనివారం వస్తే నేను ఎవరికీ దొరకను. రొద్దం పక్కన ఒక ఊళ్లో వ్యవసాయ సహాయకురాలిని. ఉద్యోగస్తుల కోసం పెట్టిన ఆహార, వ్యవసాయ విధానాల పీజీ చదువుతున్నాను. పెనుకొండలో మా ఇంట్లో తలుపేసుకుని ఆన్‌లైన్ పాఠాలు వింటాను. థీసిస్ సోమవారం ఇవ్వాలి, లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి. అరవై పేజీల్లో తేల్చింది ఒక్కటే: నేను పనిచేసే ఊళ్లో వేరుశనగ తప్ప ఏమీ పండదు, పప్పులు బయటి నుంచి పంపాలి.

శుక్రవారం ఆఖరి ప్రశ్నల కాగితం పట్టుకుని నాగక్క ఇంటికి వెళ్లాను. ఆ ఊళ్లోనే ఐదెకరాల మెట్ట రైతు. నేను కాగితం మడత విప్పేలోపే పళ్లెంలో రాగి ముద్ద, అలసంద పులుసు పెట్టేసింది.

"అలసందలు యాడ కొన్నావు నాగక్కా?"

"కొనేదేంది పాపా? మన చేన్లోవే. పది సాళ్లు శెనక్కాయ, ఒక సాలు కంది, మధ్యలో అలసందలు. మా అవ్వ కాలం నుంచి అంతే."

"మరి నేను పంట నమోదుకు వచ్చినప్పుడు చెప్పలేదే!"

"అమ్మేది అడిగినావనుకుంటి. ఇంట్లోకి పెట్టుకునేటివి సర్కారుకు చెప్తారా యాడన్నా? అయినా నువ్వు చేన్లోకి దిగితివా? గట్టు మీదనే ఫోటో కొట్టి బండెక్కితివి."

సిగ్గుతో చచ్చిపోయాను. నమోదు చేసే ఆగస్టులో కంది మొక్క వేరుశనగ ఎత్తే ఉంటుంది, గట్టు మీంచి కంటికి ఆనదు. ఆరేళ్లుగా ఊరంతటికీ వేరుశనగ ఒక్కటే అని రాశాను. ఆ అంకెలనే సర్కారు లెక్కంటూ థీసిస్‌లో గొప్పగా ఎత్తి రాసుకున్నాను. తాను తీసిన గోతిలో తానే పడడమంటే ఇదే.

మా ఆయన దేవేంద్ర తేలిగ్గా తీసేశాడు. "ఎవురు చూస్తారు ఝాన్సీ? ఇచ్చేయి. రెండేండ్ల కష్టం."

"నాగక్క చూసింది కదా!" అని అరిచాను. కోపం ఆయన మీద కాదు.

మా థీసిస్ గైడ్ ఉమాదేవి మేడమ్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"లెక్క తప్పని రాస్తే, రాసిందెవరని అడుగుతారమ్మా. మీకే మెమో రావచ్చు. ఆలోచించుకోండి" అన్నారు.

"ఆలోచించాను మేడమ్. ఏడాది ఆగుతాను."

సోమవారం పొద్దున్నే నాగక్క చేన్లోకి దిగాను. వేరుశనగ ఎప్పుడో పీకేశారు, కంది సాళ్లు మాత్రం ఛాతీ ఎత్తున నిలబడి ఉన్నాయి. ఆమె ముందు, నేను వెనక, సాలు సాలూ లెక్కపెట్టాం.

"ఇంకా యాభై మంది చేన్లుండాయి పాపా. అన్నీ నడుస్తావా?"

"నడుస్తా."

మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని ఫోన్లో ఉన్న పాత అరవై పేజీలు చెరిపేశాను. కొత్త థీసిస్ మొదటి వాక్యం అక్కడే కొట్టాను: 'ఈ ఊళ్లో పప్పులు పండవని ఆరేళ్లు రాసింది నేనే.'