మసక మెరుగు

మా మరదలు కత్తులకి మెరుగు పెట్టే టంబ్లర్ మిషన్ తెచ్చిన రోజు నేను ఒంటికాలి మీద లేచాను. మా కొట్లో తమ్ముడు కొలిమి దగ్గర కత్తులు సాగదీస్తాడు, నేను గ్రైండర్ మీద అరగదీసి మెరుగు పెడతాను, అమ్మకాలు మరదలు చూసుకుంటుంది. నా పనిలోకి యంత్రాన్ని తెమ్మని తనని ఎవరడిగారు?

"ఏంటే ఇది? రాళ్ళు ఉడకేసుకునే గుండిగా?"

"అలాగే అనుకోండి వదినా," అని నవ్వి, గిన్నెలో చిన్న చిన్న ముక్కోణపు పింగాణీ రాళ్ళు గుమ్మరించింది. సబ్బు నీళ్ళు పోసి, నేను అరగదీసిన కత్తుల్ని ఒకదానికొకటి తగలకుండా వేసి మీట నొక్కింది. గిన్నె గడగడా వణకసాగింది. ఆ రొదకి చెవులు చిల్లులు పడ్డాయి. నాకు అసలే వణుకంటే గిట్టదు. జబ్బు చేసి లేచినప్పటి నుంచి నా కుడిచెయ్యి నా మాట వినడం లేదు.

నా కత్తిలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చని అందరూ అనేవారు. ఆ మెరుపు కోసమే వంటమాస్టర్లు మా కొట్టు వెతుక్కుంటూ వచ్చేవారు. అదే వద్దంటే ఇక్కడ నాకేం పని? ఆ దిగులే కోపమై నోట్లోంచి వస్తోంది.

"ఇప్పుడెవరూ మెరుపు అడగట్లేదు వదినా. మసకగా ఉంటేనే బాగుందంటున్నారు."

"వాళ్ళ మొహం!" అన్నాను.

తీసి కడిగి తుడిస్తే కత్తులు బూడిద రంగులో, ఏటి రాయిలా నున్నగా ఉన్నాయి. మూతి ముడుచుకునే వాటికి పదును పెట్టాను. సానరాయి మీద ఆనిస్తే నా చెయ్యి కాస్త కుదురుగానే ఉంటుంది.

మర్నాడు వాటి కోసం పెద్ద హోటల్ వంటమాస్టారు వచ్చాడు. ఎన్నాళ్ళనుంచో మా దగ్గరే కొంటాడు. కాగితం పట్టుకుని కత్తి ఆడిస్తే చప్పుడు లేకుండా తెగింది.

"పదును మాత్రం మీదే అక్కా, ఇట్టే తెలిసిపోతుంది. నేను మెరుపే కావాలని పట్టుబట్టాను గానీ, మీ మరదలు వదిల్తేనా! ఒక్కసారి వాడి చూడండి, నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానని ప్రాణం తీసింది. నన్నే కాదు, మా వాళ్ళందర్నీ."

మరదలు చప్పున రాళ్ళు కడగడానికి పోయింది. బల్ల మీద ఇంకా గిన్నెలో వెయ్యని కత్తి ఒకటి ఉంటే, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. నా గ్రైండర్ గీతలు వంకరటింకరగా పాకి ఉన్నాయి. దీన్ని అద్దంలా మెరిపించానా, ప్రతి వణుకూ ఎత్తి చూపిస్తుంది. రాళ్ళు చెరిపింది ఆ గీతల్నే.

"ఏమే, నాతో ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే పని మానేసి ఇంట్లో కూర్చుంటారు," అంది అటే తిరిగి. "వెన్ను మందం, అంచు సన్నం ఎక్కడా తేడా రాలేదు, కొలిచి చూశాను. చెడింది పైగీతలే. వాటి కోసం మిమ్మల్ని వదులుకోమంటారా?"

నిజమే. చెప్పి ఉంటే ఆ పూటే మానేసేదాన్ని, నా పొగరు నాకు తెలుసు. నోటికొచ్చినట్టు తిట్టినా ఒక్కమాట ఎదురు చెప్పకుండా నా చోటు నాకు నిలబెట్టింది ఈ పిల్ల. నా కడుపున పుట్టినవాళ్ళు కూడా ఇంత చెయ్యరు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

వంటమాస్టారి వైపు తిరిగాను. "చూడవయ్యా, నా చెయ్యి వణుకుతోంది. ఆ పాత మెరుపు ఇక నా వల్ల కాదు. నీ చేతిలో ఉన్న మెరుగు మా మరదలిది. ఎవరైనా అడిగితే తన పేరే చెప్పు."

అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరి పేరూ చెబుతాను. ఇంకో జత చెయ్యండి, ఇలాంటివే."

మరదలు తడిచేతుల్తోనే కళ్ళు తుడుచుకోబోయి, సబ్బు పడి కెవ్వుమంది.

"ఏడవడం కూడా చేతకాదు నీకు, ఇలా రా," అని దగ్గరికి లాక్కుని కొంగుతో కళ్ళు తుడిచాను. నా చెయ్యి వణుకుతూనే ఉంది. తను మాత్రం మొహం కదపకుండా నిలబడింది.