సున్నుండల కింది నవల

తనూజ పెట్టెలో కథల పుస్తకం దొరికిందని హాస్టల్ వార్డెన్ ఫోన్ చేసినప్పుడు మా ఆయన బసవేశ్వరరావుగారు భోజనం చేస్తున్నారు. ఎడమచేత్తో స్పీకరు పెట్టారు.

"పక్క మంచం పిల్ల స్నేహ ఇచ్చుంటదండి. రేపల్లె పిల్ల. ఎవరిచ్చారే అంటే మీ అమ్మాయి నోరు విప్పట్లేదు. ఆదివారం ఇద్దరి పేరెంట్సూ రావాలండి. ఆ స్నేహని ఇంటికి పంపించేస్తారు."

నేను పెరుగు వడ్డిస్తున్నాను. ఆ పుస్తకం ఇచ్చింది నేను.

బాపట్లలో మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు కొన్నాను. పదహారేళ్ళ పిల్ల కథ అని అట్ట వెనక ఉంటే, లోపల చూడకుండానే తీసుకున్నాను. వడ్లమూడి దగ్గర తనూజ ఉండే కాలేజీలో పాఠ్యపుస్తకం తప్ప మరొకటి ఉండకూడదు. అందుకని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, స్టీలు డబ్బా అడుగున పెట్టి, పైన సున్నుండలు పేర్చాను. గేటు దగ్గర డబ్బా మూత తీసి చూస్తారు గానీ అడుగుదాకా చెయ్యి పెట్టరు.

మర్నాడు ఆయన వెళ్ళి ఆ పుస్తకం తెచ్చి నా ముందు పడేశారు.

"బియ్యే చదివావుగా. ఎక్కడెక్కడ చెడ్డగా ఉందో చూసి గీతలు పెట్టు. ఆదివారం చూపించాలి."

చెబుదామని నోరు తెరిచాను. ఆయన అప్పటికే బండి తాళాలు తీసుకున్నారు.

మధ్యాహ్నాలు చదివాను. మా అత్తగారు సామ్రాజ్యమ్మగారు మంచం మీద నుంచే చూస్తూ ఉండేవారు.

"ఈ వయసులో కథలేంటే నీకు?"

"ఆయన చదవమన్నారత్తయ్యా."

"వాడు చెప్పిందల్లా చేస్తావా? కూరలో ఉప్పు తగ్గించమని ఏడాదిగా మొత్తుకుంటున్నాడు."

నవల గొప్పదేం కాదు. మధ్యలో యాభై పేజీలు తీసేసినా నష్టం లేదు. రాసినావిడకి వంట రాదు, పులిహోరలో ఉల్లిపాయలు వేయించింది. కానీ పేజీల్లో ముందే గీతలున్నాయి, సన్నటి పెన్సిల్‌వి, తనూజ పెట్టినవి. అబ్బాయి చెయ్యి పట్టుకున్న పేజీలో ఒక్కటీ లేదు. కథలో పిల్ల స్నానాల గదికి గొళ్ళెం పెట్టుకుని, నీళ్ళు పోసుకోకుండా కాసేపు ఊరికే నిలబడుతుందే, అక్కడ ఉంది. 'ఎలా ఉన్నావని అమ్మ అడిగింది. బాగున్నానన్నాను. అంతకన్నా పెద్ద జవాబు వినే తీరిక ఎవరికీ లేదు' అన్నచోట రెండు గీతలున్నాయి.

ప్రతి ఆదివారం ఫోన్లో నేనడిగేదీ అదే ప్రశ్న.

ఆ గీతలు ఆయన చూస్తే తనూజకి అదో నేరమవుతుంది. రబ్బరు తెచ్చి ఒక్కొక్కటీ చెరిపేశాను, ఆయన పెట్టమన్న గీతలు మాత్రం పెట్టలేదు. ఇంత శుభ్రంగా ఇంట్లో ఏ పనీ చెయ్యలేదు.

ఆదివారం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళేసరికి స్నేహ ట్రంకుపెట్టె తాడు కట్టి గుమ్మం పక్కన పెట్టి ఉంది. స్నేహ నాన్న అబ్రహాముగారు రేపల్లెలో దర్జీ. పొద్దున్నే రైలెక్కి వచ్చారట, కుర్చీ ఉన్నా నిలబడే ఉన్నారు.

"మా పిల్ల అట్టాంటిది కాదండి. కథల పుస్తకాలు మా ఇంట్లోనే లేవండి."

"ఎక్కడో ఒకచోటి నుంచి వచ్చిందిగా," అన్నారు మా ఆయన.

స్నేహ ఏడుస్తోంది. తనూజ నేల చూస్తోంది. నన్ను కాపాడటానికి వారంగా నోరు మూసుకుంది ఆ పిల్ల.

"పుస్తకం నేనిచ్చానండి," అన్నాను.

ప్రిన్సిపాల్ నవ్వారు. "కన్నతల్లి కదమ్మా, అలాగే అంటారు."

మా ఆయన కూడా నవ్వారు. "దీనికి కథలేంటండి. పేపర్లో పండగ వంటలు తప్ప చదవదు."

చెబితే ఏమవుతుందోనని వారమంతా భయపడ్డాను గానీ, చెప్పినా నమ్మరని నాకు తట్టనేలేదు.

"బాపట్లలో కొన్నాను. సున్నుండల కింద పెట్టి పంపాను. వాసన చూడండి."

వార్డెన్ బల్ల మీదున్న పుస్తకం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. "నెయ్యేనండి," అంది మెల్లిగా.

మా ఆయన నవ్వు ఆగిపోయింది. అబ్రహాముగారు నాకు నమస్కారం పెట్టారు. తిరిగి నమస్కారం పెట్టాను గానీ ఆయన మొహం చూడలేకపోయాను.

ప్రిన్సిపాల్ తెల్లకాగితం ఇచ్చి మూడు వాక్యాలు చెప్పారు. పుస్తకం నేనే ఇచ్చాను. ఇక ముందు ఇవ్వను. మా అమ్మాయి ఇక్కడ సంతోషంగా చదువుకుంటోంది. నేను రెండు రాసి సంతకం పెట్టి ఇచ్చాను.

"మూడోది రాయలేదమ్మా."

"అది నాకు తెలియదండి. తనూజని అడగండి."

తనూజ తలెత్తింది. ఎవరూ అడగలేదు.

"రాయి మాధురీ," అన్నారు మా ఆయన, పళ్ళు బిగించి.

పెన్నుకి మూత పెట్టి బల్ల మీద ఉంచాను.

ప్రిన్సిపాల్ కాగితం తన వైపు లాక్కుని, రెండో వాక్యానికీ నా సంతకానికీ మధ్య మిగిలిన జాగాలో ఆ మూడోదాన్ని తనే ఇరికించి రాశారు. ఫైల్లో పెట్టారు. "ఇకమీదట పిల్లని చూడ్డానికి నాన్నగారొస్తే చాలమ్మా."

స్నేహ పెట్టె ఒక కొస తనూజ పట్టుకుంది. ఇద్దరూ మళ్ళీ హాస్టల్ మెట్లెక్కారు. మలుపు దగ్గర తనూజ ఆగి ఏదో అనబోయింది.

"స్టడీ అవరు," అంది వార్డెన్.