షటర్ దించి కలిపిన రంగు

హలో, వినపడుతోందా? అందరూ బాగున్నారు కదా? చేతిలో పనుంటే చేసుకుంటూనే వినండి, నాకేం ఇబ్బంది లేదు. పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు, నోటికి ఎలా వస్తే అలా చెప్పుకుపోతా.

ఇది తోలు సంచులు చేసే ఒకాయన కథ. వీధిలో అందరూ ఆయన్ని రంగులాయన అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారండీ అని అడిగితే "జనమే పెట్టారు" అంటాడు గానీ, మొదట పెట్టుకున్నది ఆయనే. జనానికి నోరు తిరిగేదాకా ఓపిగ్గా తనే వాడుకున్నాడు.

బెల్టులు, పర్సులు, చేతి సంచులు ఆయన పని. రంగు వెయ్యని తోలు తెచ్చుకుని, కోసి, రంగు తనే కలిపి వేస్తాడు. భార్య అదే దుకాణంలో మిషను మీద కుడుతుంది. ఎవరైనా పాత బెల్టు పట్టుకొచ్చి ఇదే రంగు కావాలంటే చాలు, దాన్ని పైకెత్తి, ఒక కన్ను మూసి, డాక్టరు నాడి చూసినంత సేపు చూసి, "పసుపు ఎక్కువ, ఎరుపు కాస్త, నలుపు వాసన చూపిస్తే చాలు" అంటాడు. ఒక కన్ను ఎందుకు మూస్తాడో ఆయనకీ తెలీదు. వాళ్ళ బావ అలా మూసేవాడు, అంతే.

బావ అంటే అక్క మొగుడు. పని నేర్పింది ఆయనే. పోయి చాలా ఏళ్ళయింది. పోయేముందు చివరగా చేసిన సంచి ఇప్పటికీ అక్క భుజానికే ఉంటుంది. అక్క ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పుతుంది. కత్తెర, టేపు, దారపు ఉండలు అన్నీ ఆ సంచిలోనే. దాని రంగుకి పేరు లేదు. ఇటుక అందామంటే ఇటుక కాదు, కాఫీ అందామంటే కాఫీ కాదు. ఇంట్లో అందరూ బావ రంగు అనేవాళ్ళు.

ఆ సంచి మూతని రంగులాయన కాల్చిపెట్టాడు. కావాలని కాదు లెండి. అక్కని బండి మీద ఎక్కించుకుని వస్తుంటే సంచి జారి వేలాడి, మూత వెళ్ళి సైలెన్సర్‌కి ఆనుకుంది. వాసన వస్తోందిరా అని అక్క అంటే, "ఎవరో చెత్త తగలబెడుతున్నారక్కా" అని ఇంకాస్త జోరుగా పోనిచ్చాడు. దుకాణం ముందు దిగి చూసుకుంటే మూత అట్టలా బిగుసుకుపోయి, మధ్యలో చిల్లు.

అక్క తిట్టలేదు. ఆ చిల్లులో వేలు పెట్టి చూసుకుంటూ నిలబడింది. తిట్టి ఉంటే ఆయన ప్రాణం హాయిగా ఉండేది.

"కొత్త మూత వేస్తావా?" అంది.

"వేస్తానక్కా."

"ఇదే రంగు వస్తుందా?"

పక్క సెలూన్ ఆయన గుమ్మంలోకి వచ్చి వింటున్నాడు. ఎదురుగా తాళాలు బాగుచేసే తాత ఆకురాయి ఆపి మరీ వింటున్నాడు. జనం వింటుంటే రంగులాయన నోరు ఆయన చేతిలో ఉండదు.

"సాయంత్రం వచ్చి చూడు. ఏది పాతదో ఏది కొత్తదో నువ్వే నన్నడుగుతావు" అన్నాడు.

"ఆయన చేత్తో చేసింది ఇదొక్కటే మిగిలిందిరా" అనేసి సంచి అక్కడ పెట్టి వెళ్ళిపోయింది అక్క.

రంగులాయన గుమ్మం దగ్గర ఎండలో పీట వేసుకుని మొదలుపెట్టాడు. ఒక తుక్కు తోలు ముక్క మీద రాసి ఆరబెట్టాడు. నారింజ తొక్కలా వచ్చింది. నలుపు కలిపాడు. ఈసారి బురద.

"అన్నా, మొదటిది బాగుందే, నారింజపళ్ళు వేసుకునే సంచికా?" అన్నాడు సెలూన్ ఆయన.

"ఆ రెండోది నాకు అట్టిపెట్టు నాయనా, తాళాలు తుడుచుకుంటా" అన్నాడు తాత.

రంగులాయన నవ్వినట్టు మొహం పెట్టి, సామానంతా లోపలికి లాగి షటర్ దించేశాడు.

"ఏవండీ, ఆ చీకట్లో ఏం కనిపిస్తుంది?" అంది భార్య.

"ట్యూబులైట్ ఉందిగా."

"వచ్చిన ప్రతివాళ్ళకీ మీరే చెప్తారుగా, రంగు పగటి వెలుగులో చూడాలని."

"అది పని తెలియనివాళ్ళకి చెప్పే మాట."

ఆమె ఒకసారి ఆయన వంక చూసి మిషను మీదకి వంగింది.

ఆ తెల్ల దీపం కింద ఎరుపు సరిగ్గా తెలీదు. చుక్క వేశాడు, చాలలేదు. ఇంకో చుక్క, ఇంకా చాలలేదు. వేసీ వేసీ ఒక ముక్క ఆరాక సంచి పక్కన పెడితే అచ్చం అతికినట్టుంది. ఒక కన్ను మూసి చూశాడు. రెండోది మూసి చూశాడు. లోకంలో తనలాంటి కన్ను ఇంకొకరికి ఉంటుందా అని కాసేపు జాలిపడ్డాడు, లోకం మీద. మూత కోసి, అదే రంగు పట్టించి, ఫ్యాను ముందు ఆరబెట్టి, మైనం రుద్ది భార్యకిచ్చాడు. ఆమె కుట్టి ఇచ్చింది. అప్పుడు మహారాజులాగా షటర్ ఎత్తాడు.

ఎండ మూత మీద పడింది. ఎర్రగా ఉంది. కొంచెం ఎరుపు కాదు, దెబ్బ తగిలి వాచినంత ఎరుపు. సెలూన్ ఆయన సగం గడ్డం గీసిన మనిషిని వదిలేసి వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. అననందుకు రంగులాయనకి ఇంకా భయం వేసింది. మళ్ళీ షటర్ దించాడు.

తోలుకి రంగు ఎక్కించడమే గానీ దించడం ఉండదు. మూత రంగు ఇక లేతబడదు. కానీ మిగతా సంచిని దాని దాకా లేపొచ్చు. మొత్తం ఎర్రగా చేసేస్తే తేడా ఎక్కడుంటుంది? పాతబడిందని మెరుగు పెట్టా అంటే సరి. ఉన్ని ముద్దని రంగులో ముంచి సంచి మీదకి తీసుకెళ్ళాడు.

"అన్నయ్యగారి రంగు మీద రాస్తారా?" అంది భార్య, కూర్చున్నచోటి నుంచే.

"కుదురుతుందే."

"కుదురుతుంది. తర్వాత వదిన అందులో ఏం చూసుకోవాలి?"

ముద్ద చివర చుక్క ఉబ్బింది. పడబోతుంటే రంగులాయన గభాల్న అరచెయ్యి అడ్డం పెట్టాడు. సంచికి అంటలేదు. చెయ్యంతా ఎర్రబడింది. అలా ఒక చేతిలో ముద్ద, ఒక చేతిలో రంగు పట్టుకుని, పెళ్ళాం ముందు దొరికిపోయిన దొంగలా నిలబడి ఉండగా అక్క షటర్ తట్టింది.

భార్య షటర్ ఎత్తితే లోపలికి వచ్చి మూత చూసింది. "ఇదేంట్రా, సంచి నాలుక బయటపెట్టింది?"

అక్క ఆయన చెయ్యి చూసింది, ముద్ద చూసింది, సంచి చూసింది.

"దీనికి పూయబోయావా?"

అబద్ధం నాలుక దాకా వచ్చింది. భార్య అక్కడే ఉంది కాబట్టి వెనక్కి పోయింది.

"పూయబోయానక్కా."

అక్క సంచి లాక్కుని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. దాని ఒంటిని చేత్తో నిమిరింది. ఆ తర్వాత అడిగింది, "షటర్ ఎందుకు దించావు?"

"బయట అందరూ నవ్వుతున్నారు."

"మీ బావ ఎక్కడ కలిపేవాడు?"

"లోపలే కదా. ఆయనకేం, ఒక్క చూపు చాలు."

"వాకిట్లోరా, ఎద్దూ. పొద్దున్నే మెట్టు మీద కూర్చునేవాడు. పాలవాడిని అడిగేవాడు, బడికెళ్ళే పంతుల్ని అడిగేవాడు, నన్ను పొయ్యి దగ్గర నుంచి లాక్కొచ్చి అడిగేవాడు. ఎరుపెక్కువైందా, పసుపు తక్కువైందా అని. తిట్టించుకుని తిట్టించుకుని కలిపేవాడు. తమరు పొద్దెక్కి లేచేసరికి రంగు సిద్ధంగా ఉండేది."

రంగులాయన చేతిలో ముద్దని పక్కన పెట్టాడు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మా బావవి బంగారు కళ్ళని నువ్వు వీధివీధీ చెప్పుకుని తిరిగావు. కాదని చెప్పడానికి పాపం ఆయనకే సిగ్గేసింది."

మిషను వెనక నుంచి భార్య నవ్వు వినిపించింది. ఆయనకి కోపం తెచ్చుకుందామనిపించింది గానీ, ఎవరి మీద తెచ్చుకోవాలో తెలీలేదు. ఇన్నాళ్ళూ మూసింది ఒక కన్నే అనుకున్నాడు పాపం.

ఆ పూటకి వెలుగు పోతోంది కాబట్టి మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టారు. భార్య కుట్టు విప్పింది, విప్పినంతసేపూ సణిగింది. అదే తోలులో మిగిలిన దాంట్లోంచి ఇంకో మూత కోశారు. రంగులాయన మెట్టు మీద, అక్క సంచితో పక్కనే. సెలూన్ ఆయన, తాత, దారినపోయే కూరల ఆమె, అందరినీ ఆయన తన నోటితో పిలిచి అడిగాడు. పిలవడం ఎంత కష్టమయ్యిందో ఆ గొంతు వింటే తెలుస్తుంది.

"ఎరుపు" అంది అక్క.

"ఎరుపే" అన్నాడు తాత.

ఎరుపు చావడానికి ఆకుపచ్చ చుక్క వేశాడు.

"ఇప్పుడు చచ్చిపోయింది మొత్తం" అంది కూరల ఆమె. "కాస్త ఎండ తగిలినట్టుండాలి."

పసుపు వేశాడు. ఆరనిచ్చాడు, మైనం రుద్ది చూశాడు. ఎవరూ వంక పెట్టని ముక్క ఒకటి వచ్చేసరికి వీధిలో సగం మందికి పని చెడింది. ఆ రంగే మూతకి పట్టించారు.

మధ్యాహ్నానికి కొత్త మూత కుట్టిన సంచి అక్క ఒళ్ళో ఉంది. పాత తోలు మీద నుంచి కొత్త దాని మీదకి బొటనవేలు జరిపింది, మళ్ళీ వెనక్కి జరిపింది.

"అది కాదు" అంది. "కానీ దాని చుట్టం."

సంచి తగిలించుకుని బయల్దేరింది. అందరూ గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు.

"తేడా కనిపించట్లేదన్నా" అన్నాడు సెలూన్ ఆయన.

"ఏమీ కనిపించట్లేదండీ" అంది భార్య కూడా, మొదటిసారి మెత్తగా.

రంగులాయనకి మాత్రం ఆ తేడా అక్క మలుపు తిరిగేదాకా కనిపిస్తూనే ఉంది.

అంతేనండి. మీకు తెలిసినవాళ్ళలో తలుపేసుకుని ఒంటరిగా కుస్తీ పడుతున్న మొండిమనిషి ఎవరైనా ఉంటే, ఈ కథ వాళ్ళకి పంపండి. మీ ఇంట్లోనే ఉంటే పంపక్కర్లేదు, గట్టిగా పెట్టి వినిపించండి చాలు.